విజ్ఞానము చెప్పునది, చెప్పనిది

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండలకు ఉత్తరముగా, బోరబండకును ఎఱ్ఱగడ్డకును చేరువలో మోతీనగర్ కలదు. అచ్చటి ఒక వీరశైవ గృహమును పాఠకులు ఊహించుకొందురు గాక. తాతగారు ప్రాతఃకాలముననే స్నానమాచరించి, విభూతి ధరించి, ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజ సల్పుచుందురు. మనుమడు ఇంజనీరింగు విద్యార్థి. ఒకనాడు అతడు వినయముగనే యడిగెను:

"తాతా, విభూతి పెట్టుకుంటే ఏమైతది? సైన్సు ప్రకారం దానికేమన్న ఆధారం ఉన్నదా?"

తాతగారు తడుముకొనక బదులు చెప్పిరి. "ఎందుకు లేదు బిడ్డా! నుదుటి మీది తేమను గుంజుకుంటది, జలుబు రానియ్యదు. మన పెద్దలు చేసిందంత సైన్సే."

"మరి తేమను గుంజే పౌడరు బజార్ల దొరుకుతది గద తాతా! అది పెట్టుకుంటే సాలదా?"

తాతగారు నిరుత్తరులైరి.

ఈ కుటుంబము కల్పితమే యైనను ఈ సంభాషణము నేడు అనేక గృహములలో జరుగుచున్నది. అందు మనుమని దోషము లేదు, అడుగుట వయోధర్మము. పొరపాటు తాతగారి మొదటి సమాధానమునందే కలదు. వా రెఱుగకయే ఒక సిద్ధాంతమును అంగీకరించిరి. విజ్ఞానశాస్త్రము ముద్ర వేసినదే విలువ గలది, తక్కినది వ్యర్థము అనునదియే ఆ సిద్ధాంతము. దీనిని విజ్ఞానైకవాదము అని చెప్పుకొనవచ్చును. విజ్ఞానము వేరు, విజ్ఞానైకవాదము వేరు. మొదటిది మానవుని మహోపకారి. రెండవది ఆ మహోపకారి పేరు చెప్పుకొని తిరుగు ఒక అభిప్రాయము మాత్రమే. ఈ భేదమును గుర్తించుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

1. ఒక పదము, రెండర్థములు

తెలుగున ఈ చిక్కు మరింత పెరుగుటకు ఒక కారణము భాషయందే కలదు. "శాస్త్రము" అను శబ్దమునకు శాసించునది, బోధించునది అని పూర్వార్థము. ధర్మశాస్త్రము, అలంకారశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము అను పేళ్లు ఈ యర్థముననే వచ్చినవి. ఆధునిక విద్య వచ్చిన పిదప ఆ పదమునే పాఠ్యగ్రంథములలో "సైన్సు"నకును వాడిరి. భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము అనునవి అట్లేర్పడినవి. ప్రయోగము చేసి, కొలిచి, తప్పని తేలినచో సిద్ధాంతమును విడనాడుట వీని పద్ధతి.

పదమొకటే యగుటచే రెండును ఒకే జాతివని భ్రమ కలిగినది. "జ్యోతిశ్శాస్త్రము కూడ శాస్త్రమే కదా" యని ఒకరు, "శాస్త్రీయము కానిదంతయు మూఢనమ్మకమే" యని మరొకరు వాదింతురు. ఇరువురును ఒకే పదమును పట్టుకొని రెండు వేర్వేరు వస్తువులను గూర్చి పోరాడుచున్నారు. కనుక ఈ పాఠమున విజ్ఞానము అన్నచోటనెల్ల సైన్సు అనియే గ్రహింపవలెను.

2. బేగంపేటలో ఒక దోమ

విజ్ఞానమునకు హద్దులను చెప్పబోవువాడు ముందుగా దాని ఘనతకు నమస్కరింపవలెను. అందులకు దూరము పోనక్కరలేదు. మోతీనగర్‌కు కొలది మైళ్ల దూరమున, బేగంపేటలో ఒక పాత భవనము కలదు. సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఇచ్చట ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. మలేరియా రోగిని కుట్టిన ఆ దోమ జీర్ణకోశపు గోడయందు రోగక్రిమికి చెందిన కణములు ఆయనకు కానవచ్చినవి. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై ప్రయోగములు సల్పి, క్రిమి దోమలో పెరిగి కాటు ద్వారా సంక్రమించు విధమును నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

అంతకు పూర్వము లోకమున నున్న నమ్మకమేమి? చిత్తడి నేలలనుండి వచ్చు చెడుగాలియే ఈ జ్వరమునకు కారణమని. "మలేరియా" యను ఇటాలియను మాటకు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకము ప్రాచీనమైనది, పెద్దలు చెప్పినది, పండితులు ఆమోదించినది. ఐనను అది తప్పు. వ్యాధికి కారణమేమి, అది యెట్లు వ్యాపించును, ఏ మందుతో తగ్గును అను ప్రశ్నలకు న్యాయస్థానము విజ్ఞానమే. ఆ న్యాయస్థానమున తాతముత్తాతల మాటకును, మఠముయొక్క మాటకును ప్రత్యేకాధికారము లేదు. ఎఱ్ఱగడ్డలోని ఛాతీవ్యాధుల ఆసుపత్రికి చేర్పవలసిన క్షయరోగిని ఇంటనుంచి భస్మధారణముతోనే నయమగునని చెప్పువాడు భక్తుడు కాడు, అపరాధి. ఈ మాటను తిన్నగా చెప్పిన పిమ్మటనే హద్దుల ప్రసక్తి తేవలెను.

3. దోమకొక అణా

ఆ ప్రయోగమునందే హద్దు కూడ కనిపించును. రాస్ పరీక్షించిన దోమలు ఊరక రోగక్రిములను సంపాదించుకొనలేదు. హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని అవి కుట్టినవి. తన శరీరముపై దోమలను కుట్టనిచ్చినందుకు అతనికి దోమకొక అణా చొప్పున ముట్టినది. రూపాయికి పదునారణాలు చెల్లిన కాలమది. నోబెల్ బహుమతితో రాస్ పేరు లోకమున వ్యాపించినది. హుస్సేన్ ఖాన్ పేరు చరిత్ర గ్రంథములలో ఒక పంక్తికి పరిమితమైనది.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. జ్వరపీడితుడైన పేదవానికి అణా యిచ్చి అతని శరీరముపై ప్రయోగము చేయుట న్యాయమా? దానివలన తరువాత కోట్లమందికి మేలు కలిగినది గనుక న్యాయమే యని కొందరు చెప్పవచ్చును. ఆ పేదవాడు ఇష్టపూర్వకముగా ఒప్పుకొనెనా, లేక పేదరికము ఒప్పించెనా యని కొందరు అడుగవచ్చును. రెండు పక్షములయందును యుక్తి కలదు. కాని ఏ సూక్ష్మదర్శినిలో చూచి ఈ వివాదమును తీర్పగలము? దోమ కడుపులోని కణము కనిపించును; న్యాయాన్యాయములు కనిపింపవు.

స్కాట్లండు దేశపు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని గమనించెను. "ఇట్లున్నది" యను వాక్యములెన్నిటిని పేర్చినను వానినుండి "ఇట్లుండవలెను" అను వాక్యము తనంతట తాను పుట్టదు. రెంటి నడుమ ఒక వంతెన కావలెను. ఆ వంతెనను ప్రయోగశాల కట్టజాలదు. ప్రపంచమున వైద్య ప్రయోగములకు నీతినియమములు ఏర్పడిన తీరును చూచినను ఇదియే తెలియును. రెండవ ప్రపంచ యుద్ధమునాటి నాజీ వైద్యుల దురాగతములను విచారించిన పిదప 1947లో నూరెంబర్గు నియమావళి వెలువడినది. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చినది. మనుష్యుని అతని సమ్మతి లేక ప్రయోగమునకు గురిచేయరాదనునది వాని సారము. ఈ నియమములు ఏ రసాయన సూత్రమునుండియు రాలేదు. దురాగతమును చూచి సిగ్గుపడిన మానవుని అంతఃకరణమునుండి వచ్చినవి.

మరొక దృష్టాంతము. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., డి.ఎన్.ఏ. పరీక్షావిధానమునకు మనదేశమున ప్రసిద్ధి తెచ్చిన సంస్థ. ఒక శిశువునకు తండ్రి ఎవరో ఆ పరీక్ష తేల్చి చెప్పును. ఆ విషయమున సాక్షుల మాటకంటె దాని మాటయే గట్టిది. కాని తండ్రి ఏమి చేయవలెను, పెంచినవాడు తండ్రి యగునా కాడా యని అడిగినచో ఆ పరీక్ష మౌనము వహించును. ఆ మౌనము దాని లోపము కాదు. అడుగరానిచోట అడుగుట మన లోపము.

4. తన కొమ్మను తానే నరకు వాదము

"ప్రయోగముచే నిరూపింపబడినదే సత్యము, తక్కినది అర్థరహితము" అని విజ్ఞానైకవాది పలుకును. మంచిదే. ఈ వాక్యమును ఏ ప్రయోగశాలలో నిరూపించిరి? దీనిని ఏ త్రాసులో తూచిరి? ఏ ప్రయోగమును దీనిని నిరూపింపజాలదు గనుక, తన నియమము ప్రకారము తానే అర్థరహితమగుచున్నది. కూర్చున్న కొమ్మను నరకుకొనువాని స్థితి యిదియే.

ఈ చర్చ భారతీయులకు క్రొత్తది కాదు. చార్వాకులు ప్రత్యక్షమొక్కటే ప్రమాణమనిరి. అందుకు నైయాయికులు వేసిన ప్రశ్న ఎంతయు సూటియైనది: "ప్రత్యక్షమొక్కటే ప్రమాణమను సంగతి మీకు ఏ కంటితో కనిపించినది?" దానిని స్థాపించుటకు అనుమానమునో, శబ్దమునో ఆశ్రయింపక తప్పదు. ఆశ్రయించినంతనే వాదము కూలును. ఐరోపాలో 1920వ దశకమున వియన్నాయందు కూడిన తత్త్వవేత్తలును, 1936లో గ్రంథము ప్రకటించిన ఆంగ్ల తత్త్వవేత్త ఏయరును "నిరూపణకు లొంగని వాక్యము అర్థము లేనిది" యను సూత్రమును ప్రతిపాదించిరి. కాలక్రమమున ఆ సూత్రమునకును ఈ చిక్కే యెదురైనది. ఎన్ని సవరణలు చేసినను అది కుదుటపడలేదు.

విజ్ఞానము తాను నిలుచుటకు కూడ విజ్ఞానము కాని కొన్నింటిపై ఆధారపడుచున్నది. ప్రయోగఫలితమును దాచక చెప్పవలెననుట సత్యనిష్ఠ. నిన్నటి నియమము రేపును వర్తించుననుట విశ్వాసము. గణితమునందలి సిద్ధాంతము తర్కముచే నిలుచును గాని ప్రయోగముచే కాదు. ఇవి లేక ప్రయోగశాల తలుపే తెఱువబడదు.

5. రెండు గబ్బిలములు

1974లో థామస్ నేగెల్ అను అమెరికా తత్త్వవేత్త ఒక వ్యాసమున చిత్రమైన ప్రశ్న వేసెను. గబ్బిలమై యుండుట ఎట్లుండును? అది తన కేకల ప్రతిధ్వనిచే చీకటిలో దారి తెలిసికొనును. ఆ ధ్వనితరంగములను కొలువవచ్చును, దాని మెదడును పరీక్షింపవచ్చును. కాని గబ్బిలమునకు లోపల కలుగు అనుభవ మెట్టిదో ఆ కొలతలయందు దొరకదు. బయటినుండి చూచు జ్ఞానము వేరు, లోపలినుండి పొందు అనుభవము వేరు అని ఆయన తాత్పర్యము.

తెలుగువారికి మరొక గబ్బిలము చిరపరిచితము. 1941లో గుఱ్ఱం జాషువా రచించిన "గబ్బిలము" కావ్యమున ఒక నిరుపేద అస్పృశ్యుడు కాశీవిశ్వనాథునికి తన మొర వినిపింపుమని గబ్బిలముచేత సందేశము పంపును. తనకు ప్రవేశము లేని దేవాలయమున గబ్బిలమునకు ప్రవేశము కలదు గదా! ఈ గబ్బిలము మోసికొనిపోవు భారమును ఏ ధ్వనియంత్రమును కొలువలేదు. మనుష్యులందరి రక్తమును ఒకే ధాతువులతో నైనదని విజ్ఞానము చెప్పగలదు. ఆ సత్యము సమానత్వమునకు తోడ్పడును. కాని అవమానమెంత బరువో, ఆ యవమానము ఎందుకు పాపమో అవమానితుని అనుభవమే చెప్పును. దానిని వినుటకు యంత్రము కాదు, హృదయము కావలెను.

ఫిల్మ్‌నగర్ చేరువనుండు పాఠకులకు ఇంకొక సులభమైన దృష్టాంతము కలదు. చిత్రీకరణమున నటి కంట గ్లిజరిను వేసి నీరు తెప్పింతురు. అది కృత్రిమమని రసాయనజ్ఞుడు క్షణములో చెప్పగలడు. కాని గ్లిజరిను లేక నటనాబలముచేతనే కన్నీరు కార్చు నటి కన్నీటిని, కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీటిని రెండు గాజుపాత్రలలో ఉంచినచో ఆ రసాయనజ్ఞుడు ఏది శోకమో చెప్పగలడా? అట్లే చలనచిత్రము సెకనుకు 24 నిశ్చలచిత్రముల పరంపర యనుట సంపూర్ణ సత్యము. అందుచే ఆ చిత్రకథలో అర్థమే లేదనుట అసంబద్ధము. వస్తువు దేనితో నైనదో తెలిసినంత మాత్రమున అది ఏమి చెప్పుచున్నదో తెలిసినట్లు కాదు.

6. భక్తుని పొరపాటు

విజ్ఞానైకవాదము నాస్తికుల యింటనే యుండునని తలచుట భ్రమ. భక్తుల యింట అది మరింత సుఖముగా కాపురముండును. ఇష్టలింగముపైని నల్లని పూతలో విద్యుచ్ఛక్తి కలదని, ఘంటానాదము క్రిములను చంపునని, ఉపవాసములన్నియు వైద్యశాస్త్ర ప్రకారమే యేర్పడినవని ఉపన్యాసములలో వినుట కలదు. వినువారు కరతాళధ్వనులు చేయుదురు. ఇందులో రెండు నష్టములు కలవు. మొదటిది, పరీక్ష చేయని దానిని పరీక్షించినట్లు చెప్పుట అసత్యము. రెండవది అంతకంటె లోతైనది: లింగమును విద్యుత్తు కొఱకు ధరించువానికి లింగముతో పనిలేదు, విద్యుద్ఘటముతోనే పని. అతడు శివుని సింహాసనమున విజ్ఞానమును కూర్చుండబెట్టి, శివునిచేత దానికి వింజామర వీయించుచున్నాడు.

ఇట్టి వ్యవహారము న్యాయస్థానముల వరకును పోయిన సందర్భము కలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము జ్యోతిషమును "జ్యోతిర్విజ్ఞాన్" అను పేరుతో విశ్వవిద్యాలయములలో ప్రవేశపెట్టదలచగా, సి.సి.ఎం.బి. వ్యవస్థాపక సంచాలకులైన పుష్పమిత్ర భార్గవ ప్రభృతులు 2001లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. వ్యాజ్యము కొట్టివేయబడినది. అప్పీలును సర్వోన్నత న్యాయస్థానము 2004లో త్రోసిపుచ్చినది. విద్యావిషయములు నిపుణులు నిర్ణయింపవలసినవి, న్యాయస్థానములు అందు జోక్యము చేసికొనుట తగదనునది ఆ తీర్పు సారము. ఇందువలన జ్యోతిషము విజ్ఞానమని నిరూపితమైనట్లు కాదు. ఒక విద్య విజ్ఞానమగుటకు పేరు చివర ఆ పదమును చేర్చుట చాలదు. తప్పినచో తప్పితినని ఒప్పుకొను పరీక్షకు నిలువవలెను. భవిష్యత్తును చెప్పుదునను విద్య ఆ పరీక్షనుండి తప్పించుకొనజాలదు. ఈ యంశమున భార్గవ పక్షము బలమైనది.

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసము కొఱకు పంచిపెట్టు చేపమందు సంగతియు ఇట్టిదే. విమర్శలు చెలరేగిన తరువాత అది "చేప ప్రసాదము"గా వ్యవహరింపబడుచున్నది. మందు అన్నచో గుణము చూపవలెను, పరీక్షకు నిలువవలెను. ప్రసాదము అన్నచో వ్యాధి నయమగునను వాగ్దానము చేయరాదు. పేరు ఒకటి, వాగ్దానము మరొకటి యగుట సత్యమార్గము కాదు.

1976లో 42వ సవరణము ద్వారా మన రాజ్యాంగమున చేర్చబడిన పౌరవిధులలో శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనుట యొకటి. దానిని పలువు రుదాహరింతురు. కాని ఆ 51ఎ(హెచ్) వాక్యమునందే మానవతయు, జిజ్ఞాసయు, సంస్కరణశీలమును ప్రక్కనే చేర్పబడినవని తక్కువమంది గమనింతురు. కొలుచుట యొక్కటే చాలునని రాజ్యాంగకర్తృత్వము వహించినవారును తలపలేదు.

7. శరణుల త్రోవ

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు ఆచారమును ప్రశ్నింపక స్వీకరింపుమనలేదు. పుట్టుకచే కలుగు పెద్దరికమును, అర్థము తెలియని కర్మకాండను, దేవాలయ ద్వారమున నిలుచు భేదమును ఆయన ప్రశ్నించెను. ప్రశ్నించుటకు భయపడు భక్తి శరణుల భక్తి కాదు. తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును రచించి ఆ శరణుల చరిత్రలనే జనులకు అందించెను. ఆ చరిత్రలలో చాకలి, కుమ్మరి, మాదిగ మొదలగు సామాన్యులే మహానుభావులు.

శరణులు తమ సాధనకు "అనుభావము" అను మాట వాడిరి. అది కన్నులు మూసికొని నమ్ముట కాదు, ఆచరించి చూచుకొనుట. కాయకమున నిజాయితీ పెరిగినదా, దాసోహమున స్వార్థము కరగినదా, ఎదుటి మనుష్యుని యందు శివుడు కనిపించుచున్నాడా యనునవి అందలి పరీక్షలు. ఇవి ప్రయోగశాల పరీక్షల కంటె సులువైనవి కావు. ఇష్టలింగమును ముప్పది యేండ్లు పూజించి పనిమనిషిని పరుషముగా మాటలాడువాని ప్రయోగము విఫలమైనది. అతడు ఏ విద్యుచ్ఛక్తి పేరు చెప్పినను ఆ ఫలితము మారదు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. విజ్ఞానమునకు హద్దు కలదనగానే ఆ హద్దు ఆవల తమ యిష్టము వచ్చినది నాటుకొనవచ్చునని కొందరు సంతోషింతురు. నేడు విజ్ఞానము చెప్పలేని దానిని రేపు చెప్పవచ్చును. దేవుని అట్టి ఖాళీలలో దాచిపెట్టినచో విజ్ఞానము ఒక్కొక్క అడుగు వేసినప్పుడెల్ల దేవుడు ఒక్కొక్క అడుగు వెనుకకు పోవలసి వచ్చును. పైన చెప్పిన హద్దు అట్టిది కాదు. అది తెలియనితనపు హద్దు కాదు, ప్రశ్నల జాతిలోని భేదము. మలేరియా నంతయు తెలిసికొన్న తరువాత కూడ హుస్సేన్ ఖాన్‌కు మన మేమి ఋణపడితిమను ప్రశ్న అట్లే యుండును.

ఇప్పుడు మోతీనగర్ తాతగారి యొద్దకు మరలుదము. వారు మనుమనికి ఏమి చెప్పియుండవలసినది? బహుశః ఇట్లు: "విభూతికి సైన్సు ఆధారమున్నదో లేదో నాకు తెల్వదు బిడ్డా. జలుబు తగ్గుతదని నేను పెట్టుకుంటలేను. జలుబొస్తే డాక్టరు దగ్గరికే పోత. ఈ దేహం ఒకనాడు బూడిదైతదని, అందుకే అహంకారం పనికిరాదని పొద్దుపొద్దున యాది చేసుకోనీకి పెట్టుకుంట. ఆ యాది నా నడతల కనవడకుంటే నువ్వు నన్ను నిలదీసి అడుగు."

మనుమడు అప్పుడు నిరుత్తరుడు కాడు; కాని ఆలోచనలో పడును. ప్రశ్నించు మనుమడును, నడతచే సమాధానమిచ్చు తాతయు ఉన్న యింట విజ్ఞానమునకును విశ్వాసమునకును కలహము పుట్టదు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. శాస్త్రము అను పదమునకు గల రెండర్థములేవి? వానిని కలిపివేయుటచే కలుగు చిక్కులేవి?

2. మలేరియా కారణమును గూర్చిన ప్రశ్నకును, హుస్సేన్ ఖాన్‌కు జరిగినది న్యాయమా యను ప్రశ్నకును గల భేదమును వివరింపుడు.

3. "ప్రయోగముచే నిరూపితమైనదే సత్యము" అను వాదము తన్ను తానే ఎట్లు ఖండించుకొనుచున్నది? నైయాయికుల ప్రశ్నతో పోల్చి చెప్పుడు.

4. మీ గృహమున పాటించు ఆచారములలో వైద్యప్రయోజనము చెప్పి సమర్థించుచున్నవేవి? ఆ ప్రయోజనము లేదని రేపు తేలినచో వానిని విడుతురా? విడువనిచో, వానిని పాటించుటకు మీకు గల నిజమైన కారణమేమి?

శరణు శరణార్థి.